ముట్టుకోని టీచరమ్మ

నా యోగా క్లాసులో నేను ఎవరినీ ముట్టుకోను. భుజం సరిచేయాలన్నా, మెడ నిటారుగా పెట్టించాలన్నా, మోకాలు ఎటో పోతున్నా నోటితోనే చెప్తాను. ఒకసారికి అర్థం కాకపోతే నాలుగుసార్లు చెప్తాను. అప్పటికీ కాకపోతే వాళ్ల చాప పక్కన నా చాప వేసుకుని చేసి చూపిస్తాను. కొత్తగా చేరినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. వాళ్లు ఫోన్లలో చూసిన యోగా టీచర్లందరూ శిష్యుల నడుములు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటారు మరి.

కిందటి నెల చేరిన ఒకామె వారం రోజులు ఓపిక పట్టి, చెప్పులేసుకుంటూ అడిగేసింది. "టీచరమ్మా, ఏటనుకోకు. మీది షావుకార్ల ఇల్లు గదా. మడేటి? మమ్మల్ని ముట్టుకోకూడదా?"

నా మొహం మాడిపోయింది. మడీ లేదు, గిడీ లేదు అని నవ్వేసి పంపించాను. కానీ అసలు కారణం మడి కంటే సిగ్గుచేటు. మడైతే అది తాతముత్తాతల నాటిదని వాళ్ల మీదికి తోసేయొచ్చు. ఇది అచ్చంగా నాది, నా రెండు చేతులతో నేను చేసింది. ఆమెకి ఆ రోజు చెప్పలేకపోయాను. వారం తర్వాత చెప్పాను. చెప్పాక తేలికపడతానేమో అనుకున్నాను గానీ అదేమీ జరగలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది కోటబొమ్మాళిలో బట్టల కొట్టు. పెళ్లై వచ్చిన మూడో ఏడు నుంచి గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చునేదాన్ని. పద్దెనిమిదేళ్లు అదే కుర్చీ. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే భోజనానికి ఒకసారి లేవడం, మళ్లీ కొట్టు కట్టేదాకా కూర్చోవడం. నలభై దాటేసరికి నా నడుం ఎంత చక్కగా తయారైందంటే, కింద పడ్డ పిన్నీసు తీయాలంటే మా ఆయన్ని పిలవాల్సి వచ్చేది. ఆయన ఊరికే తీసిచ్చే రకం కాదు. బేరానికొచ్చినవాళ్లందరి ముందూ, "నీకు పిన్నీసులు తియ్యడానికో మనిసిని ఎట్టాలే," అని వేళాకోళం చేసి మరీ ఇచ్చేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. మండినా వంగలేను కదా, చేసేదేముంది?

శ్రీకాకుళంలో డాక్టరు మాత్రలు రాస్తూ, తలెత్తకుండానే, "యోగా చేయండమ్మా" అన్నాడు. అందరితో అనే మాటే అది. నేను మాత్రం పట్టుకున్నాను. అదే ఊళ్లో బళ్లో పనిచేసి రిటైరైన ఒకావిడ తన ఇంటి వసారాలో నేర్పుతుందని తెలిసి, వారానికి మూడు రోజులు తెల్లారగట్ల బస్సెక్కి వెళ్లేదాన్ని. నిలబడి, మోకాళ్లు వంగకుండా ముందుకి వాలి, అరచేతులు నేలకి ఆనించే ఆసనం ఒకటుంది. పాదహస్తాసనం అంటారు. ఆవిడ అరవై ఏళ్ల వయసులో అది మంచినీళ్లు తాగినంత సులువుగా చేసేది. నా చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయేవి. మూడు నెలలకి పిక్కల దాకా, ఏడాదికి చీలమండల దాకా వెళ్లాయి. ఏడాదిన్నరకి ఒకరోజు నా అరచేతులకి చల్లగా గచ్చు తగిలింది. అలాగే తల కిందికేసుకుని బావురుమన్నాను. ఆ మర్నాడు కొట్లో కావాలనే పిన్నీసు కింద పడేసి, వంగి తీశాను. మా ఆయన చూశారో లేదోనని ఇంకో రెండుసార్లు పడేశాను.

అంత ఇష్టం నాకు జీవితంలో దేని మీదా పుట్టలేదు, పెళ్లి మీద కూడా. పొద్దున్న లేస్తే ఎప్పుడు చాప పరుస్తానా అని ఉండేది. నాకొచ్చిన ఈ సుఖం పదిమందికీ పంచాలని ఉబలాటం పుట్టింది. పరీక్ష రాశాను, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మా గురువుగారి దగ్గర సెలవు తీసుకునే రోజున ఆవిడ ఒక్కటే చెప్పింది. "ఎవరి మీదైనా చెయ్యి వేసే ముందు అడుగు. వాళ్లు చాలనగానే చెయ్యి తీసెయ్. ఈ రెండూ చేయలేకపోతే గల్లాపెట్టే నయం." నేను కాళ్లకి దణ్ణం పెట్టి, తప్పకుండా అన్నాను.

మా కాపురం కొట్టు పైన. ముందు గది పెద్దది. అందులో సామాను లోపలికి సర్దేసి, చాపలు పరిచి క్లాసు మొదలుపెట్టాను. మొదట నలుగురు వచ్చారు, ఏడాది తిరిగేసరికి పదిమందయ్యారు. అందరూ మా బజార్లో కొట్లున్నవాళ్లే, గల్లాపెట్టెల దగ్గర కూర్చుని కూర్చుని నాలాగే బిగుసుకుపోయినవాళ్లు. వాళ్లలో ఫ్యాన్సీ కొట్టావిడ అందరికంటే వాగుడుకాయ, మంచి మనిషి. నేను క్లాసులో మా యాస మాట్లాడేదాన్ని కాదు. ఎక్కడినుంచి తెచ్చుకున్నానో తెలీదు గానీ, "దీర్ఘంగా శ్వాసను తీసుకోండి, నెమ్మదిగా విడిచిపెట్టండి" అంటూ పుస్తకం చదివినట్టు చెప్పేదాన్ని. అలా మాట్లాడితేనే టీచరులా ఉంటానని నా నమ్మకం.

మా ఇంటికి పాలు పోసే ఆమె పక్క పల్లె నుంచి వచ్చేది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కని అలాగే అంటాం. రెండు ఆవులు, కొద్దిపాటి వరి పొలం. పాలు ఆమెకి పొద్దుటి పని మాత్రమే. ఆమెకి పేరున్నది ఉభాల దగ్గర. వరి నాట్లని మేం ఉభాలంటాం. పన్నెండు మంది ఆడవాళ్ల జట్టుకి ఆమె ముందు మనిషి. ముందు మనిషి ఎంత చురుగ్గా నాటుకుంటూ వెనక్కి జరిగితే జట్టంతా అంత చురుగ్గా జరగాలి. ఆమె జట్టు కావాలని రైతులు నెల ముందే ఇంటికొచ్చి మాట తీసుకుని వెళ్లేవారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పెరిగేది.

వంటింట్లోకి పాలు తేవాలంటే క్లాసు జరిగే గదిలోంచే రావాలి. రోజూ క్యానుతో గుమ్మంలో ఒక నిమిషం నిలబడి చూసేది. ఒకరోజు నేను "శ్వాసను" అంటుంటే పక్కున నవ్వింది.

"ఏటమ్మా, రేడియోలాగ మాటాడతన్నావు? నిన్న కొట్లో నాతోటి బాగానే మాటాడినావు గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. కానీ పెద్దమనసు చూపించాలనిపించింది. "నువ్వూ రా అప్పా. నీలాంటి కష్టపడే మనుషులకి ఇది ఇంకా అవసరం," అన్నాను. యోగా అందరికీ అందాలని ఓ చిన్న ఉపన్యాసం కూడా దంచాను. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేనేదో ఆమెకి దానం చేస్తున్నట్టు మాట్లాడాను.

ఆమె క్యాను పక్కన పెట్టి, కోక కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, చివరి చాప మీద నిలబడింది. నేను పాదహస్తాసనం చేసి చూపించాను. నేనింకా సగంలో ఉండగానే ఆమె రెండు అరచేతులూ నేలకి ఆనించేసింది. మోకాళ్లు కర్రల్లా నిలబడ్డాయి. అలాగే ఉండి తల పక్కకి తిప్పి, "ఇంతేనా? ఎంతసేపుండాల? మద్దేనం దాకానా?" అని అడిగింది.

"ఓలమ్మ! టీచరమ్మ కంటే బాగా వంగీసినాది!" అంది ఫ్యాన్సీ కొట్టావిడ.

అక్కడితో ఆగినా బాగుండును. ఆమె లేచి, పక్కనున్నామె నడుం చూసి తల అడ్డంగా ఊపింది. "నడుం వంచకండమ్మా. నడుం వంచితే పూట తిరక్కుండా సచ్చిపోతాం. ఇదిగో, ఇక్కడ, తుంటి కాడ ఇరగాల. పిర్రలు ఎనక్కి తొయ్యండి, నడుం దానంతటదే వస్తాది. మా కొత్త కోడళ్లకి ముందు ఇదే నేర్పుతాం." అందరూ అలా చేశారు. మూడు నెలలుగా మోకాళ్లు దాటనివాళ్ల చేతులు ఆ పొద్దున పిక్కలు దాటాయి. గదంతా ఒకటే సంబరం. నేను మూడు నెలలుగా చెప్తున్నదీ అదే, కాకపోతే పుస్తకంలో ఉన్న మాటల్లో చెప్పాను. ఆమె పొలంలో ఉన్నట్టు చెప్పింది.

నాకు అసూయ పుట్టింది. ఏదో చిన్నబుచ్చుకోవడం కాదు, కడుపులో మంట. ఏడాదిన్నర ఏడ్చి నేను సంపాదించుకున్నది ఈమెకి పాలక్యాను దించినంత సులువుగా వచ్చేసిందే అని మంట. ఆమె నలభై ఏళ్లు బురదలో వంగి సంపాదించుకుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా పక్కన పెట్టేసి ఉంటాను.

అప్పటినుంచి ఆమె రోజూ పావుగంట ఉండేది. ఆడవాళ్లు ఆమె కోసం ఎదురుచూసేవారు. "అప్ప రానీ, అప్పనడుగుదాం" అనడం మొదలైంది. జూన్‌లో యోగా రోజున హైస్కూలు మైదానంలో మేం ఆసనాలు వేసి చూపించాలని అనుకున్నాం. ముందు వరసలో ఒకళ్లు నిలబడాలి, వెనక మిగతావాళ్లు. టీచర్ని కదా, నేనే అనుకున్నాను. ఫ్యాన్సీ కొట్టావిడ అందరి ముందూ, "అప్పని ముందు నిలబెడదాం టీచరమ్మా. పాలు పోసినామె ఇలగ వంగుతాదా అని ఊరంతా నోరెళ్లబెట్టీవాలి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూద్దాం," అన్నాను.

ఆ మర్నాడే ఉష్ట్రాసనం చెప్పాను. మోకాళ్ల మీద నిలబడి, నడుం వెనక్కి విల్లులా వంచి, చేతులతో మడమలు పట్టుకోవాలి. అది ఆ వారం చెప్పాల్సింది కాదు, కొత్తవాళ్లకి అసలే చెప్పకూడదు. ఎందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. జీవితమంతా ముందుకి వంగిన మనిషి వెనక్కి వంగలేక ఆగిపోతుంది. అది అందరూ చూడాలి. అంతే. దానికి ఇంకో పేరు పెట్టలేను.

"ఎనక్కా?" అంది ఆమె మోకాళ్ల మీద నిలబడి. "ఎనక్కి నానెప్పుడు వంగినానమ్మా? ఎనకాలేటున్నాది సూడ్డానికి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అడగలేదు, చేతులు వేసేశాను. ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి భుజం మీద. నడుం కింద చెయ్యి ఆదుకోవడానికి, భుజం మీద చెయ్యి ఊరికే తోడుకి. ఆమె కొంచెం వంగింది, ఆగింది.

"సాలమ్మా," అంది.

"ఇంకొంచెం. శ్వాస వదులు," అన్నాను.

"సాలు, సాలు."

నాకు వినపడింది. ఎంత బాగా వినపడిందంటే ఈ రోజుకీ ఆ గొంతు చెవిలో ఉంది. భుజం మీద చెయ్యి తీయకుండా కిందికి నొక్కాను. ఎంతసేపు? రెండు ఊపిర్లంత. ఆమె "అబ్బ" అంది, పెద్దగా కూడా కాదు. నా కుడి చేతి కింద నడుం కండ గట్టిగా రాయిలా బిగుసుకోవడం తెలిసింది. అప్పుడు వదిలేశాను. ఆమె రెండు చేతులూ నేలమీద ఆనించి కాసేపు అలాగే ఉండి, నవ్వుతూ లేచింది. "ఇది నా వొల్ల కాదమ్మా, మీరే సేసుకోండి," అంది. క్యాను తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. రోజూ గోడ పట్టుకునే మనిషి కాదు. అదీ చూశాను.

మర్నాడు ఆమె కోడలు పాలు తెచ్చింది.

"అత్తకి నడుం పట్టీసింది. లెగనేకపోతన్నాది. నిన్న క్యాను ఎత్తతంటే పట్టీసినాదట."

క్లాసులో అందరూ అయ్యో అయ్యో అన్నారు. ఒకామె నావైపు తిరిగి, "ఇక్కడేం కాలేదు గదా టీచరమ్మా?" అని అడిగింది.

చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. "లేదు. ఇక్కడినుంచి బాగానే వెళ్లింది కదా," అన్నాను. అక్కడా ఆగలేదు నేను. "అందుకే బరువులెత్తేటప్పుడు మోకాళ్లు వంచాలని చెప్పేది," అని మొదలుపెట్టి, నీళ్ల బిందె తెప్పించి, నడుం మీద భారం పడకుండా ఎలా ఎత్తాలో అరగంట నేర్పించాను. ఆమె నడుం నేను విరగ్గొట్టి, దాన్నే పాఠం చేసుకున్నాను. ఆ రోజు క్లాసు చాలా బాగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు.

జూన్‌లో మైదానంలో ముందు వరసలో నేనే నిలబడ్డాను. చాలా బాగా వంగాను. ఎవరో తీసిన ఫోటోని మా ఆయన ఫ్రేము కట్టించి కొట్లో గల్లాపెట్టె వెనక తగిలించారు. బేరానికొచ్చినవాళ్లందరికీ చూపించేవారు. పిన్నీసుల వేళాకోళం చేసిన మనిషే. ఆయనకి నన్ను చూసి అంత సంతోషం రావాల్సినప్పుడు రాలేదు. తీరా వచ్చేసరికి నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది.

ఆమె ఇంటికి వెళ్లి చూడాల్సింది. వెళ్లలేదు. కోడలు వచ్చినప్పుడల్లా "ఎలా ఉంది అప్పకి?" అని అడిగి, ఆ అమ్మాయి "అలగే ఉన్నాది" అనగానే గిన్నె అందుకుని లోపలికి పోయేదాన్ని. ఒకసారి నొప్పులకి రాసుకునే మందు సీసా ఇచ్చి పంపాను. ఆ అమ్మాయి, "మీరెంత మంచోలమ్మా," అంది. చచ్చిపోవాలనిపించింది, చచ్చిపోలేదు. వంటింట్లోకెళ్లి పాలు కాచాను.

వానలు పడ్డాయి, ఉభాలు మొదలయ్యాయి. చుట్టాల ఇంట్లో పేరంటానికని స్కూటీ మీద వెళ్తున్నాను. దారి ఆమె పల్లె పక్కనుంచే. రోడ్డు పక్క మడిలో జట్టు నాట్లు వేస్తోంది. పదకొండు మంది వంగి ఉన్నారు. ముందు స్థానంలో వేరే ఎవరో, వయసులో చిన్నామె. ఆమె తడబడుతోంది, వరస వంకర పోతోంది. గట్టు మీద గోనెసంచి పరుచుకుని అప్ప కూర్చుని ఉంది. ఆకు కట్టలు విడదీసి మడిలోకి అందిస్తోంది. ఆకు అంటే వరి నారే. అది ముసలివాళ్లకీ నిండు చూలాళ్లకీ ఇచ్చే పని. ఆమె జట్టులో ఆమెకి ఆ పని ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. ఇంట్లో ఉండలేక.

స్కూటీ ఆపేశాను. పట్టుచీర కట్టుకున్నాను, చేతిలో పూలసంచి. గట్టు మీద నడవడం రాక రెండుసార్లు జారాను. ఆమె చూసింది, లేవలేదు.

"పడిపోతావు. సెప్పులిప్పీసి రా," అంది.

చెప్పులు విప్పి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పట్టుచీరకి బురద అంటుతోంది. అంటనీ.  "అప్పా, ఆ రోజు నేనే..." అన్నాను.

"నాకు తెలీదేటి?" అంది, కట్ట విడదీస్తూనే. "నీ సెయ్యి నా ఈపు మీద ఉన్నాది. నాను సాలన్నాను. ముమ్మారు అన్నాను. నీకినపడ్నాది."

"వినపడింది," అన్నాను. 

"ఎందుకలగ నొక్కీసినావు?"

చెప్పాను. నాకంటే బాగా వంగుతున్నావని, అందరూ నిన్నే అడుగుతున్నారని, మైదానంలో నిన్ను ముందు పెడతారని. చిన్నపిల్ల చాడీ చెప్పినట్టు అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది.

"దానికా?" అంది. "ఒసే, నానొద్దందును గదే! మైదానంలో ఊరందరి ముందూ పిర్రలెత్తి నిలబడ్డానికి నాకేటి సిగ్గునేదా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"మరి క్యాను ఎత్తుతుంటే పట్టేసిందని ఎందుకు చెప్పావు?" అని అడిగాను.

"ఏటి సెప్పమంటావు? షావుకార్లమ్మల తోటి ఆటలాడ్డానికెల్లి నడుం ఇరగ్గొట్టుకున్నాది అని నా జట్టోలు నవ్వరా? నాకూ మరేదున్నాది." మరేదంటే మర్యాద. కట్ట మడిలోకి విసిరింది. "ఇంకోటి. ఆ పదిమందికీ నీ కాడ బాగుంటన్నాది. నానెల్లి సెడగొట్టడమెందుకు, తప్పు సేసినామె నోటితోనే వస్తాదిలే అనుకున్నాను. నెల్లాళ్లు సూసినాను. మందు సీసా వొచ్చినాది గాని నువ్వు రానేదు."

"తప్పైపోయింది అప్పా."

"నాకేటి సెప్తావు? నా నడుంకి తెల్సు. ఆల్లకి సెప్పు."

మడిలోంచి ఎవరో ఆకు అని కేకేశారు. ఆమె ఒక చెయ్యి నేలకానించి, ఒక చెయ్యి మోకాలు మీద పెట్టి, మూడు విడతలుగా లేచింది. సాయం పట్టబోయాను. చెయ్యి పక్కకి జరుపుకుంది. నేను పేరంటానికి వెళ్లలేదు, ఇంటికొచ్చేశాను.

మర్నాడు చెప్పేశానని రాయాలని ఉంది. చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. ఒకరోజు ఇద్దరు రాలేదు, అందరూ ఉన్నప్పుడు చెప్దాం అనుకున్నాను. ఇంకోరోజు అందరూ ఉన్నారు, శుక్రవారం పూట ఎందుకులే అనుకున్నాను. పదకొండు రోజులు ఇలా సాకులు వెతుక్కున్నాను. పదకొండు రోజులూ "శ్వాస తీసుకోండి" అన్నాను గానీ నాకే ఊపిరి సరిగ్గా ఆడలేదు.

పన్నెండో రోజు ఫ్యాన్సీ కొట్టావిడ కూర్చుని పక్కకి తిరిగే ఆసనం వేస్తోంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి తిప్పుతున్నాను. "సాలు టీచరమ్మా," అంది మామూలుగా. వెంటనే చెయ్యి తీసేశాను. అందరి మధ్యా నిలబడి చెప్పేశాను. పుస్తకం భాష ఎటు పోయిందో పోయింది. "అప్ప నడుం క్యాను ఎత్తితే పట్టలేదు, నానే నొక్కీసినాను. సాలన్నాది, నాకినపడ్నాది, ఐనా నొక్కీసినాను. కుళ్లుతో నొక్కీసినాను," అన్నాను.

 కింద బజార్లో షట్టర్లు ఎత్తుతున్న చప్పుడు వినపడుతోంది. చివరికి ఫ్యాన్సీ కొట్టావిడే, నా వైపు చూడకుండా అంది. "మాకూ ఇనపడ్నాది టీచరమ్మా. ఆమె సాలనడం. టీచరివి గదా, నీకు తెలుసులే అనుకున్నాం."

చెప్పాక నన్ను తిడతారని అనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ మాట మాత్రం నేను ఊహించలేదు. పదిమంది విన్నారు. నన్ను నమ్మి ఊరుకున్నారు. నా చేతులు ఇంకెవరి మీదా వేయనని ఆ పూటే అనుకున్నాను. ముగ్గురు మానేశారు. వాళ్లని తప్పు పట్టను. ఆ మధ్యాహ్నం కొట్లోకెళ్లి ఫోటో దింపేశాను. మా ఆయన "ఏటైనాది?" అన్నారు. ఆయనకీ చెప్పాను. ఆయన వేళాకోళం చేయలేదు, అది ఇంకా బాధగా ఉంది.

కోతలయ్యాక ఒక పొద్దున అప్ప వచ్చింది. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అడుగుల చప్పుడు వింటూ మేమంతా గుమ్మం వైపే చూస్తున్నాం. క్యాను కోడలు చేతిలో ఉంది. లోపలికొచ్చి అందరినీ ఒకసారి కలియజూసింది.

"సెప్పిందట గదా," అంది ఫ్యాన్సీ కొట్టావిడతో, నేను లేనట్టు. తర్వాత నావైపు తిరిగింది. "ఇంటికాడ పడుంటే ఇంకా బిగుసుకుపోతన్నాది. వచ్చే ఉభాలకి నాను లెగాల. నువ్వు సెప్పు, సేస్తాను. గాని సెయ్యెయ్యకు."

వెయ్యను అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, మొదటి రోజు పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టాను, ఆమె ఒక్కదాని కోసం. ఎవరూ విసుక్కోలేదు. ఆమె కోక బొడ్లో దోపుకుని చివరి చాప మీద నిలబడింది. తుంటి దగ్గర వంగడం మొదలుపెట్టింది, నడుం కాదు. చేతులు తొడలు దాటాయి, మోకాళ్లు దాటాయి. పిక్కల దగ్గర వణికి ఆగాయి. నేలకి ఇంకా జానెడు దూరం ఉంది. ఒకప్పుడు ఆ జానెడు ఆమెకి లెక్కే కాదు. ఆమె పళ్లు బిగబట్టి ఇంకా కిందికి దిగడానికి చూస్తోంది. తల వేలాడేసుకుని, ఊపిరి పట్టి అడిగింది.

"ఇంకొంచెమా, టీచరమ్మా?"

"సాలప్పా," అన్నాను. "సాలు, సాలు."